వాడి స్లైడులో ఏమీ లేదు

జూన్ 4

మరదలికి,

ఈ ఉత్తరం అందేసరికి నీ కొడుకు నీ ఒళ్లో ఉంటాడు. వాణ్ణి దించి దీన్ని చదవవని తెలుసు. తీరిక దొరికినప్పుడే చదువు, నాకేం తొందర లేదు.

నిన్న పొద్దున మీ ఆయన, అదే నా తమ్ముడు, వాణ్ణి భుజానికెత్తుకుని బస్సెక్కాడు. రెండేళ్లు నా దగ్గర పెరిగిన పిల్లాడు కదా, ఒక్కసారైనా వెనక్కి చూస్తాడనుకున్నాను. గుండుగాడు కండక్టరు మెళ్లో టిక్కెట్ల యంత్రం చూసి నోరు తెరిచాడు, నేనొకదాన్ని కింద నిలబడి ఉన్నానన్న సంగతే మర్చిపోయాడు. అక్కణ్నుంచి నేరుగా ఆసుపత్రి ల్యాబుకి వెళ్లి మైక్రోస్కోపు ముందు కూచున్నాను. మొదటి గంటలో ఏం చూశానో నన్నడక్కు.

మీ పని స్థలంలో బడి పెట్టారు, ఇక వాణ్ణి పంపెయ్యమన్నావు. పంపాను. ఎవరి పిల్లలు వాళ్ల దగ్గరుండాలని నాకూ తెలుసు. ఐదేళ్ల వాణ్ణి నా చేతిలో పెట్టినప్పుడు చదువు కోసమనే పెట్టావు తప్ప దత్తతకి కాదు.

వాడి అలవాట్లు కొన్ని. పాల మీద మీగడ కనిపిస్తే గ్లాసు ముట్టుకోడు, వడగట్టి ఇవ్వు. తల తుడిచేటప్పుడు చెవులు మూయకూడదు, అరుస్తాడు. చీకటంటే భయం లేదు గానీ మూసిన తలుపంటే భయం. నిద్రలో తన్నుతాడు, పక్కన ఎవరినీ పడుకోబెట్టకు.

సంచి అడుగున నీలం దోమతెర ఉంది. మందు పట్టించింది, ఉతక్కు. వాణ్ణి రోజూ అందులోనే పడుకోబెట్టు. ఎందుకో తర్వాత రాస్తాను, అది ఒక్క ఉత్తరంలో తేలేది కాదు.

ఇంకో పని. మీ దగ్గర నెలనెలా వేలు గుచ్చి రక్తం చుక్క తీసుకెళ్లే ఆరోగ్య కార్యకర్త ఉన్నాడుగా. పిల్లలిద్దరివీ చెరొక స్లైడు తీయించి కాగితంలో చుట్టి పంపు. మా పెద్ద డాక్టరమ్మ పరిశోధనకి పనికొస్తాయి. ఒకే చోట ఒకే ఈడు పిల్లలకి మలేరియా వస్తే ఒకడు ఆడుకుంటూ తిరుగుతాడు, ఇంకొకడు మూడో రోజుకి మగతలో పడిపోతాడు. ఎందుకలా అన్నదే ఆవిడ పట్టుకున్న ప్రశ్న. పదమూడేళ్లుగా ఆవిడ ప్రశ్న అడుగుతోంది, నేను క్రిముల్ని లెక్కపెడుతున్నాను.

ఆడపడుచు పెత్తనం అనుకోకు. అనుకున్నా పైకి అనకు.

వాడి అత్త


జూన్ 15

వదినగారికి,

సామాన్ల గదిలో టోకెన్ల పెట్టె పక్కన కూచుని రాస్తున్నాను. ఎవరైనా టోకెన్ ఇచ్చి పార అడిగితే లేవాలి. మధ్యలో వాక్యం తెగితే మీరే అతికించుకోండి.

మీ మేనల్లుడు క్షేమంగా చేరాడు. బుగ్గలు చూసి గుర్తుపట్టలేకపోయాను. మీ ఇంటి పాలు బాగానే పట్టాయి. మీగడ సంగతి మీరు రాయకముందే తెలుసులెండి, కన్నది నేనే కదా.

ఒక్కటే బాధ. నీళ్లు తాగొచ్చా అమ్మా అని అడుగుతున్నాడు. విప్పిన చొక్కా మడతపెట్టి సంచిలోనే పెట్టుకుంటున్నాడు, రేపెల్లుండి వెళ్లిపోయే చుట్టంలాగ. కన్నతల్లి దగ్గర పిల్లాడు అంత మర్యాదగా ఉంటే చూడ్డానికి ఎలా ఉంటుందో మీకు తెలీదు. తెలియాలనీ కోరుకోను. పిచ్చిక మాత్రం వాణ్ణి ఒక్క క్షణం వదలడం లేదు. నాలుగేళ్ల బుడంకాయి, అన్నయ్య అన్న మాట నోరు తిరగక ‘అన్నా అన్నా’ అంటూ వాడి వెనకే తిరుగుతోంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మీ తమ్ముడు పంపు పెట్టి ఒక గుంట తోడేసరికి పక్కన మూడు నిండుతున్నాయి. మట్టి తవ్విన చోటల్లా నీళ్లే, నీళ్లున్న చోటల్లా దోమలే. మేము కాలవ తవ్వుతున్నామా, దోమల్ని పెంచుతున్నామా అని పనివాళ్లే నవ్వుకుంటున్నారు.

మీరు పంపిన నీలం దోమతెర చాలా బావుంది. పిచ్చిక మంచానికి కట్టాను. పిల్ల పుల్లలా ఉంది, మొన్నటిదాకా జలుబు. పెద్దాడు దిట్టంగానే ఉన్నాడుగా, వాడికేం. ఇద్దర్నీ ఒకే తెరలో పడుకోబెడదామంటే మీరే వద్దన్నారు, తన్నుతాడని.

స్లైడ్లు రెండూ పంపుతున్నాను. ఏది ఎవరిదో కాగితం మీద రాశాను. వేలు గుచ్చినప్పుడు పిచ్చిక నవ్వింది, మీ గుండుగాడు ఏడ్చాడు. ఇది మీ పెంపకమే.

పార కోసం వచ్చారు. ఉంటాను.

మీ మరదలు


జూన్ 23

అమ్మాయ్,

కూచుని చదువు. సామాన్ల గదిలో కాదు, ఇంటికెళ్లాక.

పిచ్చిక స్లైడులో మలేరియా క్రిములున్నాయి. గుండుగాడి స్లైడులో ఏమీ లేదు. వాడిది వంద చోట్ల చూశాను, నమ్మకం కుదరక ఇంకో వంద చోట్ల చూశాను. శుభ్రంగా ఉంది.

ఇది చదివి నువ్వు గుండె పట్టుకుని ఉంటావు. ఆగు. పిచ్చికకి కార్యకర్త దగ్గర మూడు రోజుల మాత్రలు ఇప్పించు, చాలు. నా భయం దాని గురించి కాదు. వాడి గురించి.

ఎందుకో చెప్తాను. పిచ్చిక పుట్టిన దగ్గర్నుంచీ అక్కడే ఉంది. మొదటి ఆరు నెలలూ నీ ఒంట్లోంచి వెళ్లిన రక్షణ దాన్ని కాపాడింది. ఆ తర్వాత జ్వరాలొచ్చాయి, ఒక్కోదానికీ నువ్వు ఏడుస్తూ నాకు ఉత్తరం రాసేదానివి. ఆ ఒక్కో జ్వరంలోనూ దాని ఒళ్లు ఆ క్రిమిని గుర్తుపెట్టుకుంది, ఎదిరించే పదార్థాలు తయారుచేసుకుంది. వాటినే యాంటీబాడీలంటారు. అందుకే ఇప్పుడు లోపల క్రిములున్నా హద్దు దాటకుండా ఉన్నాయి, పిల్ల ఆడుకుంటోంది. గుండుగాడూ నా దగ్గరికి వచ్చేనాటికి అలాగే ఉండేవాడు. కానీ ఆ గుర్తు నిలవదు. క్రిమి మళ్లీ మళ్లీ కనిపిస్తుంటేనే ఒంటికి జ్ఞాపకం ఉంటుంది, కనిపించకపోతే మరిచిపోతుంది. నా ఇంట్లో కిటికీలకి జాలీ, తలుపుకి జాలీ. రెండేళ్లలో ఒక్క జ్వరం రాలేదని నీకు గొప్పగా రాసేదాన్ని. ఆ గొప్పే ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు. వాడి ఒళ్లు ఇప్పుడు మలేరియాని ఎన్నడూ ఎరగని ఒంటితో సమానం.

దిట్టంగా ఉన్నాడని ధైర్యపడకు. ఎరగని క్రిమి ఒక్కసారిగా పెరిగిపోతే ఒళ్లు బెదిరి, ఉన్న బలమంతా ఒకేసారి చూపిస్తుందట. వంటింట్లో దూరిన పామును కొట్టబోయి కుండలన్నీ పగలగొట్టుకున్నట్టు. క్రిమి చేసే చెడు కొంత, ఒళ్లు తనకి తాను చేసుకునే చెడు కొంత. రెండూ కలిసి మెదడు మీదికి వెళ్తే పిల్లలు స్పృహ తప్పుతారు. ఇదంతా డాక్టరమ్మ ఇంకా తేల్చలేదు, తేల్చినంతవరకూ రాశాను.

కాబట్టి నీలం దోమతెర విప్పి వాడి మంచానికి కట్టు. పిచ్చికకి ఇంకొకటి పంపుతాను, ఇక్కడ నిల్వ అయిపోయింది, రాగానే పంపుతాను.

లేదంటే ఈ వానలు తగ్గేదాకా వాణ్ణి నా దగ్గరికే పంపెయ్యి. బడి ఎక్కడికీ పోదు.

నీ జవాబు కోసం గుమ్మంలో నిలబడ్డ

వదిన


జూలై 1

వదినగారికి,

మీ ఉత్తరం శుక్రవారం అందింది. మూడుసార్లు చదివాను. మీ డాక్టర్ల భాష నా బుర్రకెక్కలేదు. మూడోసారికి నాకర్థమైంది ఒక్కటే మాట: పంపెయ్యి.

ఒంట్లో పురుగులున్న పిల్లకేమో భయం లేదట, శుభ్రంగా ఉన్న పిల్లాడికి భయమట. ఈ మాట సామాన్ల గదిలో చెబితే అందరూ నవ్వారు. మీ తమ్ముడు మాత్రం నవ్వలేదు, చెవి గోక్కుంటూ పంపు దగ్గరికి వెళ్లిపోయాడు. మీ అక్కాతమ్ముళ్ల సంగతి నాకు తెలియనిదా.

పిచ్చికకి మాత్రలు వేశాను. ఆ మూడు రోజులూ దాని పక్కనుంచి లేవలేదు, మీరు ‘చాలు’ అని రెండు అక్షరాలు రాసి ఊరుకున్నారు గానీ. అది మీ చేతుల్లో పెరగలేదు. అందుకే మీకు దాని మీద భయం పుట్టలేదు. జబ్బు మనిషి మంచం మీది దోమతెర ఊడదీసి, గుండ్రాయిలా ఉన్నవాడికి కట్టమంటారు. నాకు చేతులు రావు.

నిజం చెప్పండి. నా ఇంట్లో ఉంటే వాడి ప్రాణానికే ముప్పని చెప్పడానికి ఇంత శాస్త్రం కావాలా? నాకు వాడు లేకపోతే తోచడం లేదు అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అప్పుడు నాకు జాలైనా కలిగేది.

మొన్న వాడు పైపుల గుట్టెక్కి మోకాలు చీరుకున్నాడు. ఏడుస్తూ వచ్చి, అడక్కుండా, నేరుగా నా ఒళ్లో ఎక్కి కూచున్నాడు. నెల రోజులకి మొదటిసారి. ఒంటినిండా వాళ్ల నాన్న పంపు డీజిలు వాసన. వాడు మళ్లీ నావాడయ్యాడు వదినగారూ. ఇప్పుడు పంపమంటే పంపను.

కోపంగా రాశానని మీకనిపిస్తే, సరిగ్గానే అనిపించింది.

మీ తమ్ముడి భార్య


జూలై 8

మరదలా,

నీ ఉత్తరం చదివిన రోజు ఒకే స్లైడును మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ వేరే వేరే అంకెలొచ్చాయి. డాక్టరమ్మ నా చేతిలోంచి తీసుకుని, ఇవాళ్టికి ఇంటికెళ్లమంది.

పిచ్చిక మీద నాకు భయం లేదన్నావు. ఆ మాట నేను మోయలేను. అయినా ఇప్పుడు నా గోడు ఎత్తను. నీకు చెప్పకూడదని దాచుకున్నది ఒకటుంది, అది చెప్తాను.

మూడు వారాల కింద మా వార్డుకి ఒక తొమ్మిదేళ్ల పిల్లని తెచ్చారు. మూడేళ్లు దూరంగా హాస్టల్లో ఉండి, సెలవులకి ఇంటికెళ్లిన పిల్ల. ఇంటి దగ్గరే పెరిగిన దాని తమ్ముడు కూడా వచ్చాడు. ఇద్దరి రక్తం నేనే చూశాను, ఇద్దరిలోనూ క్రిములే. వాడు వార్డులో చక్రాల కుర్చీ తోసుకుంటూ నర్సుల చేత తిట్లు తింటున్నాడు. అక్క కళ్లు తెరవలేదు. వాళ్లమ్మ నన్ను పట్టుకుని, వీడికీ అదేనంటున్నారు కదా, మరి వీడు ఆడుతుంటే అదెందుకు లేవడం లేదు అని అడిగింది. నాకు జవాబు తెలుసు, చెప్పలేకపోయాను. నాలుగో రోజు ఆ పిల్ల పోయింది. ఆ జవాబే నీకు రాశాను. సరిగ్గా రాయలేకపోయానేమో.

వాణ్ణి పంపొద్దు. నీ దగ్గరే ఉంచుకో. నా మాటలన్నీ పక్కన పారెయ్యి, ఈ ఒక్కటి విను: వాడు దోమతెరలో పడుకోవాలి. ఈ ఉత్తరంతో పాటు తెల్లది ఇంకొకటి పంపుతున్నాను. నిల్వ రాలేదు, వార్డు నర్సు కాళ్లా వేళ్లా పడి తెచ్చాను. ఇక ఎవరి మంచం మీదిదీ ఊడదీయక్కర్లేదు.

వాడికి ఒళ్లు వెచ్చబడితే ఎండ దెబ్బ, ఆటల అలసట అని సరిపెట్టుకోవద్దు. ఆ పూటే వేలు గుచ్చించు. పిలిస్తే పలక్కపోయినా, నీళ్లు మింగలేకపోయినా, ఒళ్లు బిగుసుకుని కొట్టుకున్నా ఒక్క గంట ఆగొద్దు, బయల్దేరండి. నేను ఆసుపత్రి వదిలి ఎక్కడికీ వెళ్లను.

నామీద ఎంత కోపమైనా ఉంచుకో. దోమతెర మీద చూపించకు.

వదిన


జూలై 14

వదినా,

లారీ ఇంజన్ ఆపలేదు. నిలబడి రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం వాడికి ఒళ్లు కాలింది. బడి నుంచి ఎండలో వచ్చాడు కదా అనుకున్నాను. తడిగుడ్డ వేశాను. ఇవాళ పొద్దున లేపితే లేవలేదు, పళ్లు కరుచుకుని ఒళ్లంతా కొట్టుకున్నాడు. కార్యకర్త వచ్చి సూది వేసి, ఇక్కడ ఉంచొద్దు, పెద్దాసుపత్రికే తీసుకెళ్లమన్నాడు.

మీ ఉత్తరం, దోమతెర ఈ లారీలోనే వచ్చాయి. ఇదే లారీలో వాడు వస్తున్నాడు. ముందు సీట్లో వాణ్ణి పడుకోబెడితే ఒక్కరికే చోటుంది. మీ తమ్ముడు ఎక్కాడు, వాడు బరువు కదా, నేను ఎత్తుకుని పరిగెత్తలేను. పిచ్చికని ఎవరికిచ్చి రాను.

వదినా, వాడు నన్ను చూసి కూడా చూడలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

మీ చేతిలో పెడుతున్నాను.


జూలై 16

మరదలా,

వాడు బతికే ఉన్నాడు. ముందు ఇది రెండుసార్లు చదువుకో, మిగతాది తర్వాత.

డ్రైవరు సామాను ఎక్కించుకుని ఇటే వస్తానన్నాడు, ఆలోపు రాస్తున్నాను. ఇక నుంచి ఉత్తరాలు డ్రైవరు చేతికే ఇవ్వు, పోస్టు కన్నా రెండు మూడు రోజులు ముందొస్తాయి.

నిన్న తెల్లవారాక తమ్ముడు వాణ్ణి ఎత్తుకుని గేట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. నన్ను చూడగానే అక్కా అని ఆగిపోయాడు. డాక్టరమ్మ వాణ్ణి అందుకుంది. నేను వేలు గుచ్చాను. మొన్న వేలు గుచ్చితే ఏడ్చాడని ఎగతాళి చేశావే, నిన్న చెయ్యి కూడా లాక్కోలేదు. స్లైడుకి రంగు పోస్తుంటే సగం బల్ల మీద ఒలికింది. పక్క బల్ల అతను నేను చూస్తానన్నాడు, ఇవ్వలేదు. చూశాను. ఈ పదమూడేళ్లలో ఎన్నో చూశాను గానీ, ఇన్ని క్రిముల్ని ఒకేచోట చూసింది తక్కువ. లెక్కపెట్టడం ఆపేసి ‘లెక్కకు మించి’ అని రాశాను. అలా రాయకూడదు, అంకె వెయ్యాలి. డాక్టరమ్మ దాని కిందే సంతకం పెట్టింది.

నరానికి మందు ఎక్కుతోంది. రక్తంలో చక్కెర పడిపోతే సరిచేశారు. రక్తం తక్కువైతే ఎక్కించారు, తమ్ముడిది సరిపోయింది. మూర్ఛ మళ్లీ ఒకసారి వచ్చింది. ఇంకా స్పృహలోకి రాలేదు. వాడి ఒళ్లే వాడితో కొట్లాడుతోంది, మందు క్రిముల్ని చంపుతుంది గానీ ఆ కొట్లాటని ఆపే మందు మా దగ్గర లేదు. ఇది నీకు చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

తమ్ముడు బెంచీ మీద వాడి చొక్కా పట్టుకుని కూచున్నాడు. డాక్టరమ్మ అటు పోయినప్పుడల్లా, ఏమంటున్నారక్కా అని నన్నడుగుతాడు. ఇన్నేళ్లూ ఆ మాట ఎవరెవరో అడిగితే వినీ విననట్టు ట్రే తీసుకుని వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు ఎక్కడికి పోను.

తప్పంతా నా రాతది. ‘ఎందుకో తర్వాత రాస్తాను’ అని మొదటి ఉత్తరంలో రాశాను. ఆ ‘తర్వాత’ రావడానికి పందొమ్మిది రోజులు పట్టింది. నీ ఇంట్లో ముప్పుందంటే నిన్ను తక్కువ చేసినట్టవుతుందని జంకాను. చివరికి రాసినప్పుడూ నీకర్థమయ్యేలా రాయలేదు. తెలిసినదాన్ని నేను. నిన్ను నువ్వు తిట్టుకోకు.

లారీ వచ్చింది.

వదిన


జూలై 20

వదినా,

కల్వర్టు కొట్టుకుపోయింది. డ్రైవరు బండి అవతలి ఒడ్డున ఆపి, తాడు పట్టుకుని దాటొచ్చి మీ ఉత్తరం ఇచ్చాడు. నేనూ వస్తానని నీళ్లలో దిగాను. నలుగురు పట్టుకుని వెనక్కి లాగారు. నీళ్లు తగ్గేదాకా ఎవర్నీ దాటనివ్వరట. ఈ ఒడ్డున కూచుని నేను చెయ్యగలిగింది ఒక్కటే ఉంది, మీకు నిజం రాయడం.

తప్పంతా మీ రాతది అన్నారు. ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను. ముందుకు చదవలేకపోయాను.

మీ ఉత్తరం నాకు మొదటిసారికే అర్థమైంది. సామాన్ల గదిలో అందరూ నవ్వారని రాశాను, అబద్ధం. ఎవరికీ చూపించలేదు. కార్యకర్తకి మాత్రం చదివి వినిపించాను. ‘మీ వదినగారు చెప్పింది నిజమేనమ్మా, బయట నుంచి వచ్చినవాళ్లే ముందు పడిపోతారు’ అన్నాడు. ఇంటికి పోయి దోమతెర తాళ్లు విప్పాను. విప్పి వాడి మంచం దాకా తీసుకెళ్లాను వదినా. ఒక తాడు కట్టాను కూడా. వాడు మంచం మీద కూచుని చూస్తూ, ‘అత్త అలా కట్టదు. నీకు రాదమ్మా, అత్తనడుగు’ అన్నాడు.

ఏడేళ్ల పిల్లాడు, వాడికేం తెలుసు. నా ఒళ్లు మండిపోయింది. కట్టిన తాడు విప్పేసి, తీసుకెళ్లి మళ్లీ పిచ్చికకే కట్టేశాను. మరునాడు కూచుని మీకు ఆ ఉత్తరం రాశాను.

దోమ కుట్టిన పది పన్నెండు రోజులకి జ్వరం వస్తుందని కార్యకర్త చెప్పాడు. నేను అడిగితేనే చెప్పాడు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా ఆ రోజులే.

మీ తమ్ముడికి ఇది తెలీదు. చెప్పాలనిపిస్తే చెప్పండి. చెప్పొద్దని నేను అడగను.

తెల్ల దోమతెర వాడి ఖాళీ మంచానికి కట్టి ఉంచాను. పిచ్చిక దాని చుట్టూ తిరిగి, అన్న లోపల దాక్కున్నాడా అని అడుగుతోంది. ఎగురుతోంది, తింటోంది, నవ్వుతోంది. అదే నీళ్ల పక్కన, అదే దోమల్లో. దాని ఒంట్లో ఉన్నది వాడికి ఎందుకు లేకుండా పోయిందో మీరు రాసిన కాగితం తీసి మళ్లీ మళ్లీ చదువుతున్నాను. ప్రతి అక్షరం అర్థమవుతోంది.

వాడు కళ్లు తెరిచాడా? నిజం రాయండి. నేను తట్టుకోలేనని దాచొద్దు. మీరు దాచినప్పుడే నేను తప్పులు చేస్తాను.

మీ మరదలు


జూలై 25

మరదలా,

నిజమే రాస్తాను.

నువ్వు నీళ్ల ఒడ్డున ఉత్తరం రాయడానికి ముందు రోజే, అంటే పందొమ్మిదో తారీకున, వాడు కళ్లు తెరిచాడు. రెండు రోజులు ఎవర్నీ గుర్తుపట్టలేదు. వెలుతురు చూస్తే ఏడ్చాడు. మూడో రోజు తమ్ముణ్ణి చూసి చెయ్యి చాపాడు, ఎడమ చెయ్యి. కుడిచెయ్యి పట్టు లేదు. చెంచా ఇస్తే జారిపోతోంది. మాట ముద్దగా వస్తోంది. పిల్లల్లో చాలామందికి నెలల మీద తిరిగొస్తుందని డాక్టరమ్మ అంది. తప్పకుండా వస్తుందా అని అడిగాను. చాలామందికి అని మళ్లీ అంది. ఇవాళ్టి స్లైడులో ఏమీ లేదు. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువగా ఉంది. ఒక్కసారి వచ్చి పోయింది కదా, ఇక వాడికి రక్షణ వచ్చేసిందనుకోవద్దు. ఒక్క జ్వరానికి అది రాదు. ఎక్కడున్నా, ఎవరి దగ్గరున్నా, ఇక నుంచి వాణ్ణి కాచుకోవాల్సిందే.

తమ్ముడికి నేనేమీ చెప్పలేదు. చెప్తే నా సంగతి కూడా చెప్పాలి.

నువ్వు అనుమానపడ్డావే, అది తప్పు కాదు. జూన్‌లో రాసిన రెండో ఉత్తరంలో చెప్పాల్సిందంతా దోమతెర దగ్గరితో అయిపోయింది. కాగితం కింద నాలుగు వేళ్ల ఖాళీ మిగిలింది. ‘వాణ్ణి నా దగ్గరికే పంపెయ్యి’ అని రాసి, వేరే కాగితం తీసుకుని అంతా మళ్లీ ఎత్తిరాశాను, ఆ వాక్యం లేకుండా. మడతపెట్టాను. కవరులో పెట్టబోతూ మళ్లీ విప్పి అదే వాక్యం చేర్చాను. వాడు లేక ఇల్లు బావురుమంటోందని రాయడానికి సిగ్గేసింది, వానల మీద పెట్టి రాశాను. దోమతెర వాడికి చాలని నాకు తెలుసు. తెలిసే రాశాను. ఆ ఒక్క వాక్యం లేకపోతే నువ్వు రెండో తాడు కూడా కట్టేదానివి.

ఇది నువ్వు క్షమిస్తావో లేదో నాకు తెలీదు. నిన్ను నేను క్షమించానా అని అడిగితే, ఇంకా ఆ ప్రశ్న దాకా రాలేదు.

నిన్న సాయంత్రం తమ్ముడు మందుల కోసం కిందికి వెళ్లాడు. గదిలో నేనూ వాడే ఉన్నాం. గోడవైపు తిరిగి ఉన్నవాడు నెమ్మదిగా ఇటు తిరిగి, ‘ఇంటికి పోదాం’ అన్నాడు. వినపడలేదనుకున్నాడేమో, మళ్లీ అన్నాడు. మాట ముద్దగానే ఉంది గానీ ఆ రెండు ముక్కలూ స్పష్టంగా వచ్చాయి.

ఏ ఇంటికిరా అని అడగబోయి, వాడి దుప్పటి సరిచేశాను. వాడు ఏం చెప్పినా మనిద్దరిలో ఒకరు తట్టుకోలేరు.

నీళ్లు తగ్గగానే పిచ్చికని తీసుకుని రా. వాణ్ణి నువ్వే అడుగు. నువ్వు అడిగేటప్పుడు నేను గదిలో ఉండను.

వాడి అత్త